వీధి గుమ్మం దీపం మీద కాపురం

మిషిగన్‌లో ఉంటున్న మనవాళ్ళలో రాబిన్ పిట్టను చూడనివారు ఉండరు. మార్చి నెలలో గోడవారన మంచు నల్లబడి ఇంకా కరగకుండా ఉండగానే పచ్చికలోకి దిగి, నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, తల ఓ పక్కకు వాల్చి, నేలలోకి ముక్కు పొడిచి వానపామును సాగదీసి లాగే ఇటికరంగు రొమ్ము పిట్ట అదే. 1931 నుంచీ ఈ రాష్ట్రానికి అధికార పక్షి కూడాను. చూడడమైతే అందరం చూస్తూనే ఉంటాం. కాని ఆఫీసులు, పిల్లల చదువులు, శనివారం బజార్లు వీటి మధ్య అది కాపురం ఎలా చేస్తుందో కూర్చుని చూసే తీరిక ఎవరికుంది? ఈస్ట్ లాన్సింగ్‌లో మేము ఇల్లు కొనుక్కున్న ఇన్నేళ్ళలో మాకూ లేదు. 2024 వసంతంలో మా అత్తయ్యగారు తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి మా దగ్గర రెండు నెలల పైచిలుకు ఉన్నారు. అప్పుడు తీరిందీ ముచ్చట. ఆ కబుర్లు ఒకసారి భోజనాల దగ్గర చెబితే, కాగితం మీద పెట్టమని సంపాదకులు పట్టుబట్టారు.

ముందు పేరు సంగతి. ఇది నిజానికి రాబిన్ కాదు. ఇంగ్లండులో రాబిన్ అనేది పిచ్చుకంత చిన్న పిట్ట, దానికీ దీనికీ దగ్గర చుట్టరికం లేదు. సముద్రం దాటి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ ఎర్రరొమ్ము పిట్ట కనిపించేసరికి ఇంటిదగ్గరి పేరు దీనికి తగిలించుకున్నారు. మా అత్తయ్యగారు దిగిన మర్నాడు కిటికీలోంచి చూసి, "ఇక్కడి గోరింకలు బొద్దుగా ఉన్నాయే!" అన్నారు. ఆవిణ్ణి తప్పుపట్టే హక్కు ఇంగ్లీషువాళ్ళకు లేదు. మా ఇంట్లో అది చివరిదాకా గోరింకగానే చెలామణి అయింది.

ఏప్రిల్ మూడోవారంలో మా వీధి గుమ్మం దీపం మీద గడ్డిపోచలు కనపడ్డాయి. మా వారు ఇంజనీరు. దీపం నెత్తి ఏటవాలుగా ఉంది కాబట్టి అక్కడ ఏదీ నిలవదని తేల్చి చెప్పారు. మొదటి రెండు రోజులూ ఆయన మాటే నెగ్గింది, పెట్టిన గడ్డి పెట్టినట్టే జారి కింద పడింది. మూడోనాడు వాన కురిసింది. ఆడపిట్ట బురద ముక్కున కరుచుకొచ్చి అంటించడం మొదలుపెట్టింది. ఇక జారలేదు. గిన్నె తయారయ్యాక అందులో కూర్చుని, రెక్క మడత దగ్గరి ఎముకతో గోడలను లోపలినుంచి నొక్కుకుంటూ గుండ్రంగా తిరిగింది. రొట్టి పిండిని మణికట్టుతో అదిమినట్టుందా పని. కట్టేదంతా ఆడదే. మగపిట్ట, అంటే తల మరీ నల్లగా ఉన్నది, అప్పుడప్పుడూ ఓ పోచ తెచ్చిచ్చేది. కట్టడం పూర్తయ్యాక లోపల మెత్తటి ఎండుగడ్డి పరిచింది.

మా వారికి గోడ రంగు బెంగ పట్టుకుంది. బురద చారలు తలుపుదాకా కారాయి. గుడ్లు పెట్టకముందే తీసేద్దామన్నారు. గుడ్లు పెట్టాక తీయడానికి వీల్లేదు మరి. వలస పక్షుల రక్షణకు 1918లో చేసిన చట్టం ప్రకారం గుడ్లో పిల్లలో ఉన్న గూటిని కదపడం నేరం. అయితే ఈ వాదన చట్టందాకా వెళ్ళలేదు. "గూడు పెట్టుకున్న పిట్టను లేపుతావుట్రా?" అని వాళ్ళమ్మ ఒక్కమాట అనేసరికి ఆయన నిచ్చెన గరాజ్‌లోనే ఉండిపోయింది.

ఆవిడకు వచ్చిన చిక్కు వేరు. గుమ్మంలోంచి మనుషులు తిరిగితే పిట్ట బెదిరి గూడు వదిలేస్తుందని మేము తలుపు వాడకం మానేశాం, బల్బు కూడా విప్పేశాం. సింహద్వారం మూసి, దీపం ఆర్పి, గరాజ్‌లోంచి దొడ్డిదారిన తిరగడం ఏం సంసారం? లక్ష్మీదేవి ఎటునుంచి వస్తుంది? ఒక పూటంతా ఆలోచించి ఆవిడే పరిష్కారం చెప్పారు. పిట్ట గూడు పెట్టిన గుమ్మం మూసినా తెరిచినట్టే లెక్కట. శాస్త్రంలో ఉందో లేదో నేనడగలేదు. మే నెల రెండో ఆదివారం మా ఇంట్లో సంఘం సమావేశానికి వచ్చినవారందరినీ కారు పక్కనుంచి, మంచు తవ్వే పారల మీదుగా లోపలికి రప్పించింది అందుకే. కొత్త కోశాధికారిగారి పట్టుపంచెకు గరాజ్‌లో మరక అయిందని ఆలస్యంగా తెలిసింది, మన్నించాలి.

ఏప్రిల్ ఆఖరు రోజుల్లో రోజుకొకటి చొప్పున నాలుగు గుడ్లు పెట్టింది. ఆ నీలం రంగు ఫొటోల్లో చూసి ఎవరో దిద్దారనుకుంటాం గాని, నిజంగానే అంత నీలం. పొదగడం మాత్రం మొదటి గుడ్డు పెట్టగానే మొదలుపెట్టదు. దాదాపు అన్నీ పెట్టాకనే స్థిరంగా కూర్చుంటుంది. ముందే కూర్చుంటే మొదటి పిల్లకూ ఆఖరు పిల్లకూ మూడు నాలుగు రోజుల తేడా వచ్చేస్తుంది. పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు పొదగాలి. మేలో ఒక రాత్రి చలి తిరగబెట్టి తెల్లారేసరికి పచ్చిక మీద మంచు పేరుకుంది. పిట్ట రెక్కలు గూటి అంచులదాకా పరిచి అలాగే కూర్చుని ఉంది. మా అత్తయ్యగారు హాలు కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, తెర సందులోంచి చూస్తూ జపం అక్కడే చేసుకునేవారు. ఆవిడ రాకముందు ఆ కిటికీ ఉన్నదన్న సంగతే మాకు పట్టేది కాదు.

"ఇక్కడ కోకిల లేదా?" అని ఒకరోజు అడిగారు. మన కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు ఇక్కడ కౌబర్డ్ అనే పిట్ట ఇతరుల గూళ్ళలో గుడ్లు పెట్టి పోతుంది. చాలా చిన్న పిట్టలు ఆ పరాయి పిల్లను పెంచి తమ పిల్లలను పోగొట్టుకుంటాయి. రాబిన్ దగ్గర మాత్రం ఈ ఆట సాగదు. మచ్చల గుడ్డును గుర్తుపట్టి బయట పడేస్తుంది. ఇది చెబితే, "కాకికంటే తెలివైనదన్నమాట" అని తృప్తిపడ్డారు.

ఆవిడకున్న ఒకే అసంతృప్తి, పిట్టకు మేం ఏమీ పెట్టడంలేదని. వాళ్ళ ఊళ్ళో కోతలవ్వగానే వరి వెన్నులతో కుచ్చు అల్లి పంచలో వేలాడదీస్తారు. ఇక్కడ వెన్నులెక్కడివి? ఒక పళ్ళెంలో బియ్యం పోసి మెట్లకు దూరంగా పెట్టారు. రాబిన్లు ఆ వైపు చూడనైనా చూడలేదు. వాటికి కావలసింది పురుగులు, వానపాములు, పళ్ళు. బియ్యానికి వచ్చినవి పిచ్చుకలు. "ఇవి మన పిచ్చుకలే!" అన్నారావిడ. మనవే, అచ్చంగా అదే జాతి. 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలితే దేశమంతా అల్లుకున్నాయి. బయటనుంచి వచ్చిన పిట్ట కనుక ఇందాక చెప్పిన చట్టం దానికి వర్తించదు. ఈ ముక్క మాత్రం నేనావిడకు చెప్పలేదు.

ఇక పచ్చిక గొడవ. మా ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో నిజంగా యుద్ధం జరిగింది దాని మీదే.

మా వారు ప్రతి ఏడూ పచ్చిక మందులవాళ్ళకు సంవత్సరం పొడుగునా ఒప్పందం రాసిస్తారు. కలుపుకి ఒకసారి, వేరుపురుగుకి ఒకసారి, ఇలా వాళ్ళే వచ్చి కొట్టి, ఓ చిన్న జెండా పాతి పోతారు. మే మొదటి వారంలో రావలసి ఉంది. గూట్లో నాలుగు గుడ్లు, ఆ పచ్చికే వాటి వంటిల్లు. రద్దు చేయమని నేనన్నాను. వీధిలో అందరి పచ్చికా తివాచీలా ఉంటే మనదొక్కటే పసుపుపచ్చ డాండెలైన్ పూలతో నిండితే ఏం బాగుంటుందని ఆయన. నేనంతగా పట్టుబట్టడానికి కారణం ఈ ఊరి చరిత్ర. మాకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఆవరణలో జరిగిన కథ అది.

1950లలో ఎల్మ్ చెట్లకు తెగులు పట్టింది. తెగులును మోసే పురుగును చంపడానికి 1954లో యూనివర్సిటీ ఆవరణలో డి.డి.టి. చల్లడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు ఈస్ట్ లాన్సింగ్ ఊరు కూడా జతకలిసింది. మొదటి ఏడు ఏమీ కాలేదు. తర్వాతి వసంతాల్లో రాబిన్లు వచ్చినవి వచ్చినట్టే వణుకుతూ పడి చచ్చిపోయాయి. పక్షిశాస్త్రం ఆచార్యుడు జార్జ్ వాలెస్ లెక్కలు రాస్తూ వచ్చారు. మందు పిట్టల మీద చల్లలేదే, మరి ఎలా చచ్చాయి? ఇల్లినాయ్ రాష్ట్రంలో రాయ్ బార్కర్ అనే శాస్త్రజ్ఞుడు ముడి విప్పి 1958లో ప్రకటించారు. మందు ఆకులకు అంటుకుంది. శరత్తులో ఆకులు రాలాయి. వానపాములు కుళ్ళిన ఆకులు తిని, తాము చావకుండా మందును ఒంట్లో దాచుకున్నాయి. వసంతంలో రాబిన్ వచ్చి ఆ వానపాములను తింది. పెద్దవి పదకొండు తింటే చాలు, చావడానికి. రాబిన్‌కు పదకొండు వానపాములు ఒక పూట భోజనం కూడా కాదు. 1962లో రేచల్ కార్సన్ రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో ఈ ఊరి రాబిన్ల కథ ఉంది. 1972లో ఈ దేశంలో పంటలకు డి.డి.టి. వాడకం నిషేధించారు.

ఈ కథ భోజనాల దగ్గర తెలుగులో చెప్పాను. అత్తయ్యగారు విని, "డీడీటీ నాకు తెలుసు" అన్నారు. ఆవిడ చిన్నతనంలో మలేరియా వాళ్ళు ఊరూరా తిరిగి ఇళ్ళ లోపలి గోడలకు కొట్టేవారట. సామాన్లన్నీ బయట పెట్టుకుని కూర్చునేవాళ్ళట. గోడల మీద తెల్లటి చారలు, తలుపు మీద తేదీ. "దాన్ని ఊరికే తిట్టకమ్మాయ్. అంతకుముందు ఇంటికి ఇద్దరు ముగ్గురు చలిజ్వరంతో మూలుగుతూ పడుండేవాళ్ళు. మా పెద్దక్కయ్య పోయింది దానితోటే. డీడీటీ వచ్చాక మా వీధిలో మంచాలు లేచాయి" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇప్పటికీ ఆవిడ మాట కాదనను. మనిషి ప్రాణం కాపాడడానికి గోడకు కొట్టిన మందు వేరు, చెట్ల కోసం ఊరంతా కుమ్మరించిన మందు వేరు. తివాచీ అందం కోసం కొట్టేది మరీ వేరు. నిజం చెప్పాలంటే ఇప్పటి పచ్చిక మందులు డి.డి.టి. వంటివి కావు, అన్నేళ్ళు నేలలో నిలవవు. అలాగని అన్నీ అమాయకమైనవీ కావు. డయజినాన్ అనే మందు పచ్చిక మేసిన బాతులను చంపుతోందని మొదట గోల్ఫ్ మైదానాల్లో ఆపారు. ఇళ్ళకు అమ్మడం 2004తో ఆగింది. పిట్టను చంపకపోయినా, వేరుపురుగు మందు పిట్ట తిండిని చంపుతుంది. వేరుపురుగంటే రాబిన్ పిల్లలకు జున్నుముక్క.

చివరికి మా వారు ఫోన్ చేసి ఒప్పందం రద్దు చేశారు. నా వాదనకు లొంగి కాదు, వాళ్ళమ్మ పీట వేసుకుని పచ్చికలో కూర్చుని కలుపు తీయడం మొదలుపెట్టినందుకు. వద్దన్నా వినలేదు. పొలంలో కలుపు తీసిన చెయ్యి, పది నిమిషాల్లో బుట్టెడు డాండెలైన్లు పీకేది. ఆకు కొరికి చూసి, "కొద్దిగా చేదు, అంతే. మందు పడనిది గదా" అని లేతవి ఏరి పెసరపప్పులో వేశారు. బాగానే ఉంది. ఎదురింటి దొరసాని చూడవచ్చి, తన ముసలమ్మ కూడా ఇలాగే వండేదని చెప్పి కాస్త గిన్నెలో వేయించుకుపోయింది.

మే 14న రెండు పిల్లలు, 15న మిగతా రెండు బయటికొచ్చాయి. ఒంటి మీద నూగు తప్ప ఏమీ లేదు, కళ్ళు మూసుకుని ఉన్నాయి. గూడు కదిలితే చాలు, నాలుగు పసుపుపచ్చ నోళ్ళు పైకి లేచేవి. ఇద్దరూ మేపుతారు. అత్తయ్యగారు జపమాల పూసలతో లెక్కపెట్టారు, ఒక గంటలో పదకొండుసార్లు తెచ్చాయి. పిల్లల రెట్ట తెల్లటి తిత్తిలా వస్తుంది. దాన్ని మొదటి రోజుల్లో తల్లీతండ్రీ మింగేస్తాయి, తర్వాత దూరంగా పట్టుకెళ్ళి పడేస్తాయి. గూడు ఎప్పుడూ శుభ్రమే. పొట్లంలా కట్టి ఇచ్చే పిల్లలైతే నలుగురినైనా పెంచవచ్చునని మా అమ్మాయి ఫోన్‌లో అంది. దానికిద్దరు పసివాళ్ళు లెండి.

నాలుగోది మొదటినుంచీ వెనకబడే ఉంది. తెచ్చిన పురుగు పొడుగ్గా సాగిన మెడకే వెళ్తుంది, అందని మెడకు వెళ్ళదు. తల్లి పక్షపాతం కాదది, ఎత్తుగా లేచిన నోరే దానికి కనపడేది. అయిదోనాటి పొద్దున అది మెట్టు మీద పడి ఉంది. అత్తయ్యగారు కాగితంలో చుట్టి గులాబీ మొక్క మొదట్లో పూడ్చి, కాళ్ళు కడుక్కుని వచ్చారు. ఆ రోజు కిటికీ దగ్గర కూర్చోలేదు. మర్నాడు మళ్ళీ కూర్చున్నారు.

మే 27, 28 తేదీల్లో మిగిలిన మూడూ గూడు దిగాయి. ఎగరడం అనను. మొదటిది అంచు మీద నిలబడి చాలాసేపు తటపటాయించి, గోనెసంచి జారినట్టు కాళ్ళ పట్టా మీద పడింది. అక్కడినుంచి గెంతుకుంటూ పొదలో దూరింది. మా వారు కంగారుపడ్డారు. తొందరపడి దూకేసింది, పక్కింటి పిల్లి ఉంది, ఎత్తి గూట్లో పెడదామన్నారు. అవసరంలేదు, అది వాటి పద్ధతే. దాదాపు పదమూడు రోజులకు రాబిన్ పిల్ల గూడు వదులుతుంది, అప్పటికి సరిగా ఎగరలేదు. రొమ్ము మీద మచ్చలు, తోక బెత్తెడైనా ఉండదు. గూట్లో ముగ్గురూ ఒకచోట ఉంటే ఏ పిల్లో రకూనో వచ్చి ఒక్కసారే ఊడ్చేస్తుంది. విడివిడిగా పొదల్లో దాక్కుంటే అన్నీ పోవు. మనం చేయగలిగిందల్లా పిల్లిని ఇంట్లో ఉంచమని పక్కవాళ్ళను అడగడం. అడిగాం, పాపం ఉంచారు.

పావుగంటలో మగపిట్ట నోట్లో పురుగుతో పొద దగ్గరికి వచ్చింది. లోపలినుంచి పిల్ల అరిచింది. తండ్రి మేపింది. ఆ తర్వాత రెండు వారాలు ఇదే పని. పిల్లలు పచ్చికలో తండ్రి వెనక పరుగెత్తడం, అది తవ్వి నోట్లో పెట్టడం, కొన్నాళ్ళకు తవ్వి పెట్టకుండా ముందు పడేసి చూడడం. తల్లి అప్పటికే రెండో గూటికి పోచలు ఏరుకుంటోంది. వేసవిలో రెండు కాపులు, ఒక్కోసారి మూడూ ఉంటాయి. అందుకని దిగిన పిల్లల బాధ్యత చాలావరకు తండ్రిది.

మామయ్యగారు పోయి రెండేళ్ళయింది. కొడుకులు ఒకరిక్కడ, ఒకరు సిడ్నీలో. ఆవిడ ఆ ఇంట్లో ఒంటరిగా ఉండడం మా వారికి నిద్రపట్టనివ్వని సంగతి. గ్రీన్ కార్డు కాగితాలు ఏప్రిల్‌లోనే నింపి భోజనాల బల్ల మీద పెట్టారు. ఆవిడ సంతకం ఒక్కటే తక్కువ. ఊళ్ళోవాళ్ళు, మన దగ్గరివాళ్ళు కూడా, ఆవిడతో ఓదార్పుగా అనే మాట ఒకటుంది: "ఏం చేస్తాం పిన్నిగారూ, రెక్కలొచ్చాయి, ఎగిరిపోయారు." ఆ మాట వచ్చినప్పుడల్లా మా వారు లేచి ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోతారు. మనలో ఎంతమంది అలా లేచి వెళ్తారో నాకు తెలుసు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం, తండ్రిపిట్ట పిల్లను వెంటేసుకుని తిరుగుతుంటే ఆవిడన్నారు: "రెక్కలొచ్చి ఎగిరిపోయారంటారు గాని, ఎక్కడరా? రెక్కలు రాకముందే దిగిపోయాయి ఇవి. నువ్వూ అంతే. పదిహేడో ఏట వరంగల్ ఇంజనీరింగ్‌కి పోయావు. నాలుగేళ్ళు మీ నాన్న నెల నెలా మనియార్డరు కట్టారు. ఎవరు అటు వెళ్తున్నా నేను పచ్చడి జాడీ పంపాను. తర్వాత ఈ దేశానికి టిక్కెట్టు డబ్బులు. నీకు ఎగరడం వచ్చేసరికి ఇరవై ఆరు దాటింది." మా వారు నవ్వారు. ఈసారి లోపలికి వెళ్ళలేదు. చాలాసేపు ఇద్దరూ ఆ జాడీల గురించే మాట్లాడుకున్నారు, ఏది పగిలింది, ఏది రైల్లో ఎవరు తినేశారు.

గూడు దిగిన రాబిన్ పిల్లల్లో నవంబరుదాకా బతికేవి నాలుగో వంతేనని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాలవారి లెక్క. ఇది ఆవిడకు చెప్పాలా వద్దా అని సందేహించి చెప్పాను. "మూడిట్లో ఒక్కటైనా కాదన్నమాట" అని లెక్కకట్టి, "అందుకే రెండో కాపు" అన్నారు.

కాగితాల మీద ఆవిడ సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు, "వచ్చే ఏడు వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. తొలకరి పడుతోందని, కౌలుకిచ్చిన పొలం దగ్గరికి ఒకసారి వెళ్ళాలని జూన్ 20న విమానం ఎక్కారు. మా వారు డెట్రాయిట్ నుంచి తిరిగి వస్తూ దారిపొడుగునా ఒక్కమాట మాట్లాడలేదు. కాగితాలు బల్ల మీదనుంచి సొరుగులోకి వెళ్ళాయి.

వీధి తలుపు తెరిచాం. బల్బు బిగించాం. బురద చారలు అలాగే ఉన్నాయి, రంగు వేయించలేదింకా.

రెండో గూడు గరాజ్ వెనక స్ప్రూస్ కొమ్మల్లో పెట్టింది. తల్లి మేతకు వెళ్ళిన సమయం చూసి, కర్రకు ఫోన్ కట్టి ఒకే ఒక్క ఫొటో తీసుకొచ్చింది మా వారే. మూడు గుడ్లు. ఆదివారం పొద్దున తెనాలికి ఫోన్ చేస్తే, కాళ్ళనొప్పుల గురించి మేం అడిగేలోపు ఆవిడే, "గుడ్లెన్ని?" అన్నారు. చెప్పాం. మందువాణ్ణి మళ్ళీ పిలవలేదు కదా అని అడిగారు. లేదన్నాం. కిందటి పంట వెన్నులు గాదెలో మిగిలితే కుచ్చు అల్లి పంచలో కట్టారట. పిచ్చుకలు ఇంకా రాలేదట. ఉడత మాత్రం రోజూ వచ్చి తింటోందట, తోలడం లేదన్నారు.